డ్రూపల్ వెబ్‌సైట్ల పునర్నిర్మాణం, నిర్వహణ

ఒక సంస్థ తన వెబ్‌సైట్‌లోని వ్యాసాలు, ప్రకటనలు, ఫొటోలు, ఫైళ్లను ప్రోగ్రామర్ల మీద ఆధారపడకుండా తానే చేర్చుకోవడానికీ, దిద్దుకోవడానికీ, తీసివేయడానికీ వీలు కల్పించే సాఫ్ట్‌వేర్‌ను కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనీ, క్లుప్తంగా సీఎంఎస్ అనీ అంటారు. తెలుగులో దీన్ని విషయ నిర్వహణ వ్యవస్థగా పేర్కొనవచ్చు. పేజీలో కనిపించే రాత డేటాబేస్‌లోనూ, దాని రూపురేఖలు థీమ్ అనే వేరే ఫైళ్లలోనూ ఉండటం, ఎవరైనా పేజీని తెరిచినప్పుడు సర్వర్ ఆ రెంటినీ కలిపి చూపించడం ఈ వ్యవస్థలకు సామాన్య లక్షణం. వీటిలో పేరుపొందిన వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్ మూడూ పీహెచ్‌పీ భాషలో రాసినవి, మూలకోడ్‌ను అందరికీ తెరిచి ఉంచినవి, అంటే ఓపెన్ సోర్స్. సొంత సాంకేతిక సిబ్బంది లేని కళాశాలలు, ఆసుపత్రులు, ట్రస్టులు, వ్యాపార సంస్థలు తమ సైట్ల పనిని బయటి నిపుణులకు అప్పగిస్తాయి. ఆ నిపుణుల వాడుకలో ఈ సంస్థలే క్లయింట్లు. పాతబడిన సైట్‌లోని విషయాన్ని కొత్త పునాది మీదికి చేర్చడం పునర్నిర్మాణం, చేర్చిన తరువాత అది భద్రంగా నడిచేలా చూడటం నిర్వహణ. ఈ రెండింటి స్వభావమూ డ్రూపల్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది కనుక ఈ వ్యాసం ప్రధానంగా దాన్నే ఆధారం చేసుకుంటుంది.

పుట్టుక, లైసెన్సు

బెల్జియంలోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న డ్రీస్ బైటార్ట్ 2000లో వసతిగృహ మిత్రుల మధ్య కబుర్లు పంచుకోవడానికి ఒక చిన్న అంతర్గత సైట్‌ను తయారుచేశాడు. తరువాత దానికి డచ్చి భాషలో ‘పల్లె’ అని అర్థమిచ్చే ‘డోర్ప్’ అనే పేరు పెట్టబోయి, టైపింగ్‌లో అక్షరాలు తారుమారు కావడంతో ‘డ్రాప్’ అనే డొమైన్ నమోదు చేసుకున్నాడు. ఆ సైట్‌ను నడిపిన కోడ్‌ను 2001 జనవరి 15న అందరికీ విడుదల చేసినప్పుడు, నీటిబొట్టుకు డచ్చిలో ఉన్న ‘డ్రుప్పెల్’ అనే మాట ఇంగ్లీషువారి నోట పలికే తీరులో దానికి డ్రూపల్ అనే పేరు స్థిరపడింది.

డ్రూపల్‌ను జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్స్ కింద పంచుతారు. ఈ లైసెన్సు ప్రకారం ఎవరైనా దాన్ని ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అదే షరతుల మీద ఇతరులకు ఇవ్వవచ్చు. దీనివల్ల క్లయింటుకు దక్కే అసలు లాభం లైసెన్సు రుసుము లేకపోవడం కాదు; సైట్‌ను కట్టినవారితో పొత్తు చెడినా, వారు వ్యాపారం మానుకున్నా, అదే కోడ్‌ను మరొక బృందం చేతికిచ్చి పని కొనసాగించుకోగలగడం. ‘ఉచితం’ అనే మాట విని నిర్వహణకు కూడా ఖర్చు ఉండదనుకునే క్లయింట్లు చాలామంది ఉంటారు. బావి తవ్వినవాడు కూలి అడగకపోయినా పూడిక తీయించే ఖర్చు ఏటా ఉన్నట్లే, సాఫ్ట్‌వేర్‌కు వెల లేకపోయినా దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషుల శ్రమకు వెల ఉంటుంది.

పునర్నిర్మాణం ఎందుకు అవసరమవుతుంది

2011 జనవరి 5న వెలువడిన డ్రూపల్ 7 ఈ వ్యవస్థను ప్రపంచమంతటా పరిచయం చేసింది. 2015 నవంబరు 19న వచ్చిన డ్రూపల్ 8 దాదాపుగా కొత్త కట్టడం. సింఫనీ అనే పీహెచ్‌పీ చట్రంలోని భాగాలను అది తనలో కలుపుకుంది. పేజీ అచ్చులను రాసే పద్ధతి ట్విగ్ అనే కొత్త భాషకు మారింది. అదనపు సౌకర్యాలను చేర్చే మాడ్యూళ్లను వస్తుప్రధాన పద్ధతిలో తిరగరాయవలసి వచ్చింది. డ్రూపల్ 7 కోసం చేసిన థీమ్ డ్రూపల్ 8లో ఒక్క పేజీని కూడా చూపించలేదు. అంతకు ముందు పెద్ద సంచిక మారినప్పుడు కోడ్ పాడైనా డేటాబేస్‌ను ఉన్నచోటే కొత్త రూపంలోకి మార్చుకునే దారి ఉండేది. ఇప్పుడు పక్కన కొత్త సైట్‌ను కట్టి పాతదాని నుంచి విషయాన్ని తరలించడమే మార్గమైంది.

ఆ భారాన్ని చాలామంది మోయలేకపోయారని చెప్పడానికి గడువుల చరిత్రే సాక్ష్యం. డ్రూపల్ 7కు భద్రతా సవరణలు 2021 నవంబరుతో ఆగిపోవలసి ఉండగా, వలస వెళ్లలేకపోయిన సైట్లు పెద్ద సంఖ్యలో మిగలడంతో గడువును మూడుసార్లు పొడిగించి, చివరికి 2025 జనవరి 5న, అంటే విడుదలైన సరిగ్గా 14 ఏళ్లకు, మద్దతును ముగించారు. దాని తరువాత పుట్టిన డ్రూపల్ 8కు అంతకన్నా ముందే, 2021 నవంబరులోనే, మద్దతు ఆగిపోయింది.

డ్రూపల్ 8 నుంచి పరిస్థితి మారింది. ఆరు నెలలకోసారి చిన్న సంచికలు వస్తాయి. తీసివేయబోయే పాత కోడ్‌ను ముందుగానే గుర్తుపెట్టి, తరువాతి పెద్ద సంచికలో తొలగిస్తారు. అందువల్ల 2020లో 9కి, 2022 డిసెంబరులో 10కి, 2024 ఆగస్టులో 11కి మారడం క్రమం తప్పకుండా అప్‌డేట్లు చేసుకుంటూ వచ్చిన సైట్లకు పునర్నిర్మాణం కాకుండా ఒక మరమ్మతుగా మిగిలింది. డ్రూపల్ 7 సైట్‌ను ఎంత శ్రద్ధగా చూసుకున్నా ఒకసారి పునాది నుంచి కట్టక తప్పలేదు. ఆ తరువాతి తరం సైట్లకు పునర్నిర్మాణం అవసరమైతే దానికి కారణం చాలావరకు చేయకుండా వదిలేసిన నిర్వహణే. క్లయింటుతో ఒప్పందం కుదుర్చుకునేవారు ఈ రెంటి తేడానూ మొదటే విప్పి చెప్పడం న్యాయం.

తరలింపు

పునర్నిర్మాణంలో క్లయింటు కంటికి కనిపించేది కొత్త రూపం. పనిలో అధిక భాగం కంటికి కనిపించని తరలింపు. మొదట పాత సైట్‌లో ఏమున్నదో పట్టిక రాస్తారు: ఎన్ని రకాల పేజీలు, ఒక్కొక్క రకానికి ఏయే గడులు, ఏవి దేనిని సూచిస్తున్నాయి, ఏ ఫైళ్లను ఎవరూ వాడటం లేదు. పదేళ్ల నాటి సైట్‌లో ఒకే సమాచారం మూడు చోట్ల మూడు రకాలుగా ఉండటం మామూలే. అన్నింటినీ తీసుకువెళ్లాలని క్లయింటు పట్టుబట్టడమూ మామూలే. కాలం చెల్లిన టెండరు ప్రకటనను కొత్త సైట్‌లోకి మోయడం కొత్త ఇంట్లోకి పాత సామాను మోసుకెళ్లడం లాంటిది కనుక, ఏది వదలాలో ఈ దశలోనే తేల్చుకుంటే తరువాతి శ్రమ సగం తగ్గుతుంది.

డ్రూపల్‌లోని మైగ్రేట్ మాడ్యూల్ ఈ పనిని మూడు మెట్లుగా చేస్తుంది: పాత డేటాబేస్ నుంచి ఒక్కొక్క అంశాన్ని చదవడం, దాన్ని కొత్త గడులకు తగినట్లు మలచడం, కొత్త సైట్‌లో భద్రపరచడం. ఇందులో గమనించదగ్గది పటం అనే పట్టిక. పాత సైట్‌లో 412వ సంఖ్య గల వ్యాసం కొత్త సైట్‌లో 87వ సంఖ్యతో చేరిందనుకుంటే, ఆ జంటను ఈ పట్టిక గుర్తుంచుకుంటుంది. మరొక పేజీ పాత 412ను సూచిస్తున్నప్పుడు మాడ్యూల్ పట్టికను చూసి 87కు కలుపుతుంది. సూచించిన వ్యాసం ఇంకా రాకపోతే, బస్సు సీట్లో తువ్వాలు వేసి చోటు పట్టుకున్నట్లు, ఒక ఖాళీ అంశాన్ని సృష్టించి ఆ సంఖ్యను నిలిపి ఉంచుతుంది. అసలు వ్యాసం వచ్చాక అందులో నింపుతుంది. ఈ పటం ఉన్నందువల్లే తరలింపును ఎన్నిసార్లయినా వెనక్కి తీసి మళ్లీ నడపవచ్చు. ఒకేసారి సరిగ్గా జరిగే తరలింపు అంటూ లేదు కాబట్టి ఇది సౌకర్యం మాత్రమే కాదు, ఈ పద్ధతికి ప్రాణం.

విషయంతో సమానంగా కాపాడవలసినవి పేజీల చిరునామాలు. ఇతర సైట్లు, సెర్చ్ ఇంజన్లు, పాఠకులు దాచుకున్న లింకులు అన్నీ పాత చిరునామాలనే ఎరుగుతాయి. వాటిని యథాతథంగా నిలపాలి, లేదా పాతదాన్ని తెరిచినవారిని కొత్తదానికి పంపే 301 అనే శాశ్వత దారిమళ్లింపును ఒక్కొక్కదానికి అమర్చాలి. ఈ పనిని మరిచిన సైట్ ఎంత అందంగా ఉన్నా, మొదలైన రోజే తన పాఠకుల్లో చాలామందిని వాకిట్లోనే పోగొట్టుకుంటుంది.

కొత్త సైట్‌ను లైవ్ చేసే రోజు కోసం డొమైన్ రికార్డుల జీవితకాలాన్ని ఒకటి రెండు రోజుల ముందే 86,400 సెకన్ల నుంచి 300 సెకన్లకు తగ్గిస్తారు; అప్పుడు సర్వర్ మార్పు ఐదు నిమిషాల్లో చాలామందికి చేరుతుంది, తేడా వస్తే అంతే వేగంగా వెనక్కి తిప్పవచ్చు. ఈ సందర్భంలో ఈ-మెయిల్‌కు దారి చూపే రికార్డులను చెరపకుండా ఉండటం ముఖ్యం. సైట్ బాగానే తెరుచుకుంటూ సంస్థ మెయిళ్లన్నీ ఆగిపోవడం ఈ వృత్తిలో తరచుగా జరిగే ప్రమాదం.

తెలుగు సైట్లలో లిపి సమస్యలు

తెలుగు సైట్ల పునర్నిర్మాణంలో అన్నిటికన్నా ఎక్కువ ఓర్పు కోరేది లిపి. యూనికోడ్ వ్యాపించక ముందు ఈనాడు, వార్త వంటి పత్రికల సైట్లు తమ సొంత ఫాంట్లలో వెలువడేవి. అచ్చు పనిలో అను ఫాంట్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఈ ఫాంట్లలో కంప్యూటరు దృష్టికి ఉన్నవి లాటిన్ సంకేతాలే. వాటి బొమ్మలను మాత్రం తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కలుగా గీశారు. యూనికోడ్‌లో అక్షరాలు పలికే వరుసలో నిలిస్తే, ఈ ఫాంట్లలో ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి. అందువల్ల కొన్ని ఫాంట్లలో హల్లుకు ఎడమవైపు చుట్టుకునే రేఫ వత్తు ఆ హల్లు కన్నా ముందే ఉంటుంది. ఇటువంటి పాత రాతను మార్చే ప్రోగ్రాము ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క పట్టికతో ముక్కలను గుర్తించి, వరుస సరిచేసి, అక్షరాన్ని కూర్చాలి. మార్చిన తరువాత మనిషి కన్ను ప్రతి పేజీ మీదా పడవలసిందే.

యూనికోడ్‌లో ఉన్న సైట్లకు వేరొక ఆపద ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం మూడు బైట్లుగా నిలుస్తుంది. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ. పాత డేటాబేస్ ఆ బైట్లను లాటిన్ అక్షరాలుగా పొరబడితే, 224 అంటే తలపై ఏటవాలు గీత ఉన్న చిన్న లాటిన్ అక్షరం, 176 అంటే డిగ్రీ గుర్తు, 177 అంటే కూడిక తీసివేతలు కలిసిన గుర్తు అవుతాయి. తరలించిన పేజీ నిండా ఈ మూడే మళ్లీ మళ్లీ కనిపిస్తే తెలుగు పోలేదనీ, తప్పుగా చదివారనీ అర్థం. బైట్లను తిరిగి ముడిరూపంలోకి తెచ్చి సరైన పద్ధతిలో చదివిస్తే రాత క్షేమంగా తిరిగివస్తుంది. అలా కాక అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మాత్రమే మిగిలితే, మార్పిడిలోనే అసలు బైట్లు నశించాయన్న మాట. అప్పుడు బ్యాకప్ తప్ప వేరే దిక్కు లేదు.

కంటికి కనిపించని మరొక గుర్తు కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. ‘వెబ్‌సైట్’ అని రాసినప్పుడు పొల్లు బకారం తరువాత సకారం వత్తుగా కిందికి దిగకుండా ఆపేది వెడల్పు లేని ఒక అదృశ్య సంకేతం. ‘అనవసరమైన’ అదృశ్య సంకేతాలను తుడిచేసే శుభ్రపరచే స్క్రిప్టును తరలింపులో నడిపితే, సైట్ అంతటా ‘వెబ్‌సైట్’ కాస్తా ‘వెబ్సైట్’ అయిపోతుంది. ఇంగ్లీషు సైట్ల కోసం రాసిన పనిముట్లను తెలుగు మీద గుడ్డిగా ప్రయోగించడం వల్ల వచ్చే చిక్కు ఇది. చిరునామాల విషయంలోనూ ఇంతే. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను చిరునామాగా మార్చేటప్పుడు ప్రతి సంకేతాన్నీ తొమ్మిది లాటిన్ గుర్తులుగా విడదీసి, మొత్తాన్ని 200 గుర్తుల దగ్గర ఆపుతుంది. అంటే అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లులు కలిపి 22 సంకేతాలకే చోటు. ‘ఆంధ్రప్రదేశ్’ అనే ఒక్క మాటే 12 సంకేతాలు తీసుకుంటుంది. ఆరంభం ఒకటే అయిన పొడుగు శీర్షికలు ఒకే చిరునామాకు వచ్చి, చివర 2, 3 అనే అంకెలతో వేరుపడతాయి. దీనివల్ల తెలుగు సైట్లు చిరునామాను చేత్తో, చిన్న మాటల్లో ఇచ్చుకోవడం మేలు. థీమ్‌ను ఎంచుకునేటప్పుడు కూడా లాటిన్ లిపికి సరిపోయే ఇరుకైన వరుసల ఎడం తెలుగు వత్తులను కోసేస్తుందని గుర్తుంచుకోవాలి.

మార్పులు ప్రవహించే దిశ

నిర్వహణలో ఉన్న సైట్‌కు సాధారణంగా మూడు ప్రతులు ఉంటాయి: పనిచేసేవారి కంప్యూటర్‌లో ఒకటి, పరీక్ష కోసం స్టేజింగ్ అనేది ఒకటి, ప్రజలు చూసే లైవ్ ఒకటి. కోడ్ పనిచేసేవారి ప్రతి నుంచి లైవ్‌కు, విషయం లైవ్ నుంచి పనిచేసేవారి ప్రతికి మాత్రమే ప్రయాణించాలన్నది ఇక్కడి మూలసూత్రం. పాత తరం వ్యవస్థల్లో ఈ సూత్రం పాటించడం కష్టమయ్యేది. ఎందుకంటే మెనూలు, గడులు, అనుమతులు వంటి అమరికలు కూడా వ్యాసాలతో పాటు డేటాబేస్‌లోనే కలిసి ఉండేవి. డ్రూపల్ 8 అమరికలన్నిటినీ చదవడానికి వీలైన పాఠ్య ఫైళ్లుగా బయటికి రాసి, మార్పుల చరిత్రను దాచే గిట్ అనే పనిముట్టులో కోడ్‌తో పాటే భద్రపరచే పద్ధతిని తెచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఏ గడిని మార్చారో అప్పటి నుంచి వరుసవరుసగా చూడవచ్చు. డ్రూపల్ 8తో వచ్చిన మార్పులన్నిటిలో నిర్వహణకు ఎక్కువ మేలు చేసినది ఇదే.

భద్రత

2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో ఒక భద్రతా లోపాన్ని ప్రకటించి, సవరణను 7.32 సంచికగా విడుదల చేశారు. ఖాతా లేనివాడు కూడా వెబ్ ఫారం ద్వారా డేటాబేస్‌కు తన ఆజ్ఞలను చేరవేయగలిగే లోపం అది. సవరణ ఒకే ఒక్క వరుస: డేటాబేస్‌కు పంపే విలువల జాబితాలో బయటివారు పెట్టిన పేర్లను నమ్మకుండా, వాటి చోట మామూలు వరుస సంఖ్యలు వచ్చేలా చేయడం. ఆ వరుస బయటికి రాగానే, లోపం ఎక్కడుందో దాడిచేసేవారికీ తెలిసిపోయింది. రెండు వారాల తరువాత డ్రూపల్ భద్రతా బృందం చేసిన హెచ్చరిక తీవ్రమైనది: ప్రకటన వెలువడిన 7 గంటలలోపు సవరించని ప్రతి డ్రూపల్ 7 సైట్ దాడికి గురైందనే భావించాలి. ఆ 7 గంటలు భారతదేశంలో రాత్రి 9:30 నుంచి తెల్లవారుజామున 4:30 వరకు, అంటే నిర్వహణ బృందాలు నిద్రలో ఉన్న వేళ. తాము సవరించకుండానే సైట్ సవరించి కనిపిస్తే సంతోషించవద్దనీ, లోపలికి వచ్చినవారే వేరెవరూ రాకుండా తలుపు వేసుకుని ఉండవచ్చనీ కూడా ఆ హెచ్చరిక పేర్కొంది.

ఈ అనుభవం నిర్వహణ పద్ధతినే మార్చింది. 2018లో మళ్లీ అంత తీవ్రమైన లోపం బయటపడినప్పుడు, సవరణ మార్చి 28న ఫలానా గంటల మధ్య వస్తుందని వారం ముందుగానే ప్రకటించారు. భారత కాలమానంలో అది రాత్రి 11:30 నుంచి ఒంటిగంట వరకు. సిద్ధంగా ఉన్న బృందాలు ఆ రాత్రి మేలుకుని తమ క్లయింట్ల సైట్లను సవరించుకోగలిగాయి. లోపాన్ని వాడుకునే దారి ఏప్రిల్ రెండో వారంలో బహిరంగమై దాడులు మొదలయ్యేసరికి వారి పని పూర్తయి రెండు వారాలు దాటింది.

సవరణ కొత్తగా జరిగే చొరబాటును ఆపుతుందే కానీ, అప్పటికే లోపల చేరినవారిని వెళ్లగొట్టదు. సైట్ హ్యాక్ అయినప్పుడు సరైన మార్గం చొరబాటుకు ముందునాటి బ్యాకప్‌ను తీసుకుని, సవరించి, అన్ని పాస్‌వర్డులూ మార్చి తిరిగి నిలపడం. బ్యాకప్ అంటే కోడ్, డేటాబేస్, ఎక్కించిన ఫైళ్లు మూడూ. అవి అదే సర్వర్‌లో ఉంటే సర్వర్‌తో పాటే పోతాయి. ఎన్నడూ తిరిగి నిలిపి చూడని బ్యాకప్‌ను నమ్మడానికి లేదు. మూడు నెలలకొకసారైనా దాన్ని ఖాళీ సర్వర్ మీద తెరిచి పరీక్షించడం మంచి బృందాల అలవాటు.

ఒప్పందాలు, ప్రభుత్వ నియమాలు

భారతదేశంలో ఈ పని ఎక్కువగా ఏఎంసీ అని పిలిచే వార్షిక నిర్వహణ ఒప్పందం మీద సాగుతుంది. అప్‌డేట్లు, బ్యాకప్‌లు, నెలకు ఇన్ని గంటల చిన్న మార్పులు అందులో ఉంటాయి. కొత్త సౌకర్యాలు వేరే లెక్క. డొమైన్, హోస్టింగ్ ఖాతా, కోడ్ భాండారం క్లయింటు పేరు మీదే ఉండటం న్యాయం. నిపుణుడు తన పేరున డొమైన్ నమోదు చేయించి, పొత్తు చెడిన రోజున క్లయింటును ఇరుకున పెట్టడం ఓపెన్ సోర్స్ ఇచ్చిన స్వేచ్ఛను వెనుకదారిన లాక్కోవడమే. ప్రభుత్వ సైట్లకు జాతీయ సమాచార కేంద్రం, అంటే ఎన్‌ఐసీ, 2009లో మార్గదర్శకాలు రూపొందించింది. పేజీ చివరిసారి తాజా అయిన తేదీ నుంచి చూపులేనివారు కూడా సైట్‌ను వాడుకోగలగడం వరకు అవి నియమాలు చెబుతాయి. 2012లో మొదలైన ప్రభుత్వ బహిరంగ సమాచార వేదికను ఎన్‌ఐసీ డ్రూపల్ మీదే నిర్మించింది. సైట్ రూపు చెడగొట్టడం, అందులో హానికర కోడ్ చొప్పించడం వంటి ఘటనలను తెలిసిన 6 గంటలలోపు తెలియజేయాలనీ, సర్వర్ లాగ్‌లను 180 రోజులు దాచాలనీ కంప్యూటర్ ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీమ్, అంటే సెర్ట్-ఇన్, 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఏఎంసీ రాసుకునేటప్పుడు ఆ బాధ్యత ఎవరిదో పేరుపెట్టి రాయడం అవసరం.

పునర్నిర్మించనక్కరలేని సైట్లు

ప్రతి పాత సైట్‌నూ కొత్త సంచికకు తేవలసిన పని లేదు. డ్రూపల్ 7 పద్ధతినే కొనసాగించాలనుకునేవారి కోసం దాని కోడ్ నుంచి చీలివచ్చిన బ్యాక్‌డ్రాప్ అనే వ్యవస్థ 2015 జనవరి నుంచి ఉంది. చిన్న సంస్థలకు అది తక్కువ ఖర్చుతో సరిపోతుంది. ఇక కొత్త విషయం చేరే అవకాశమే లేని సైట్ల సంగతి వేరు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం రెండేళ్లకోసారి జరిపే మహాసభల వంటి వాటి కోసం కట్టే సైట్లు సభ ముగియగానే చరిత్రగా మారతాయి. అలాంటి సైట్‌లోని ప్రతి పేజీనీ బ్రౌజర్‌కు కనిపించే రూపంలోనే స్థిర ఫైళ్లుగా దించుకుని, డేటాబేస్‌ను, పీహెచ్‌పీని, లాగిన్ పేజీని పూర్తిగా తొలగించి, అవే చిరునామాల కింద పెట్టవచ్చు. వెతుకులాట పెట్టె, వ్యాఖ్యల ఫారం పనిచేయవు. వాటిని ముందే తీసివేయాలి. మిగిలిన కార్యక్రమ వివరాలు, ఫొటోలు, ప్రసంగ పాఠాలు మాత్రం ఏ భద్రతా సవరణ కోసమూ ఎదురుచూడకుండా, చౌకైన ఏ సర్వర్ మీదనైనా అలాగే చదువుకోవడానికి దొరుకుతాయి.